జపాన్ క్యాసెట్, అమెరికా డబ్బా, 50 హెర్ట్జ్ టీవీ: రీజియన్ లాక్‌లో అసలు తాళం ఏది?

అమెరికాలో అమ్మిన సూపర్ నింటెండో అనే గేమ్ కన్సోల్‌లో క్యాసెట్ పెట్టే గాడిలోకి టార్చి వేసి చూస్తే లోపల వెనక వైపు రెండు చిన్న ప్లాస్టిక్ పళ్ళు కనిపిస్తాయి. అమెరికా క్యాసెట్లకి వెనకాల ఆ పళ్ళకి సరిపడా గాట్లు ఉంటాయి, జపాన్‌లో ఇదే మెషీన్‌ని సూపర్ ఫామికామ్ పేరుతో అమ్మారు కదా, ఆ క్యాసెట్లకి గాట్లు ఉండవు కాబట్టి అవి దిగవు. అంతే. నోస్ ప్లయర్ తీసుకుని ఆ రెండు పళ్ళూ విరిచేస్తే జపాన్ క్యాసెట్ దిగుతుంది, ఆన్ చేస్తే హాయిగా ఆడుతుంది కూడా, ఎందుకంటే లోపల సర్క్యూట్ ఒకటే, లాక్ చిప్ ఒకటే, బొమ్మ వచ్చే స్పీడూ ఒకటే. రెండు పెద్ద దేశాల మార్కెట్ల మధ్య కట్టిన గోడ కూలగొట్టడం రెండు నిమిషాల పని.

ఇప్పుడు అదే జపాన్ క్యాసెట్ తీసుకెళ్ళి యూరప్‌లో అమ్మిన సూపర్ నింటెండోలో పెట్టి చూడండి. యూరప్ వాళ్ళకి ఇచ్చిన డబ్బా జపాన్ డిజైన్‌దే, గుండ్రటి అంచులు, నాలుగు రంగుల బటన్లు, క్యాసెట్ ఆకారం కూడా అదే, అందుకని ఏమీ విరచకుండానే టక్కున దిగుతుంది. కానీ స్క్రీన్ మీద ఏమీ రాదు. దిగని చోట ఆడుతుంది, దిగిన చోట ఆడదు.

ఈ ఒక్క ఉదాహరణ పట్టుకుంటే సగం సంగతి అర్థమైపోతుంది. డీవీడీల రోజుల్లో డబ్బా వెనక గ్లోబు బొమ్మలో నంబర్ ఉండేది, అమెరికా 1, జపాన్ యూరప్ 2, మన ఇండియా 5, అక్కడి నుంచి ఎవరైనా బంధువులు డిస్క్ తెస్తే ఇక్కడి ప్లేయర్ "రీజియన్ ఎర్రర్" అనేసేది. అందుకని గేమ్ కన్సోల్ రీజియన్ లాక్ (ఒక ప్రాంతం గేమ్ ఇంకో ప్రాంతం మెషీన్‌లో ఆడకుండా అడ్డుకునేది) అన్నా అలాంటి ఒక్క నంబరే అనుకుంటాం. పాత కన్సోళ్ళలో అలా ఉండదు, ప్లాస్టిక్, చిప్, గేమ్ లోపలి కోడ్, టీవీ పద్ధతి, కరెంటు, భాష, ఇన్ని అడ్డాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, వాటిలో కొన్ని కంపెనీ కావాలని పెట్టినవి, కొన్ని ఎవరూ పెట్టకపోయినా అలా ఉండిపోయినవి. కావాలని పెట్టినవన్నీ హాబీ కోసం పనిచేసే కుర్రాళ్ళ చేతిలో ఎప్పుడో ఊడిపోయాయి, ఎవరూ పెట్టనివే ఇప్పటికీ సతాయిస్తున్నాయి.

(క్యాసెట్ అంటే కార్ట్రిడ్జ్ అనాలి అని ఎవరైనా దిద్దబోతే, జపాన్ వాళ్ళు కూడా దాన్ని "కసెట్టో" అనే అంటారు, కాబట్టి మనం అన్నదానికి పుట్టింటి సపోర్ట్ ఉంది.)

అసలు మొదట్లో లాకే లేదు. 1983 జులైలో జపాన్‌లో సూపర్ నింటెండోకి ముందు తరం మెషీన్ ఫామికామ్ వచ్చినప్పుడు దానికి 60 పిన్నుల క్యాసెట్, ఏ చెకింగూ లేదు, బోర్డు చేయగలిగినవాడెవడైనా గేమ్ చేసి అమ్ముకోవచ్చు. అదే ఏడాది అమెరికాలో వీడియో గేమ్ మార్కెట్ కుప్పకూలింది, షాపుల నిండా చెత్త గేములు పేరుకుపోయి జనానికి విసుగొచ్చి షాపులవాళ్ళు ఆ సరుకు ముట్టుకోవడమే మానేశారు. అందుకని 1985లో అమెరికాలో అదే ఫామికామ్‌ని ఎన్‌ఈఎస్ పేరుతో దించేటప్పుడు నింటెండో 10ఎన్‌ఈఎస్ అనే ప్రోగ్రాంతో నడిచే ఒక లాక్ చిప్ పెట్టింది. అంటే పుట్టుకతో ఇది దేశాల తాళం కాదు, తమ అనుమతి లేకుండా ఎవడూ గేమ్ చేయకూడదు అనే తాళం. ఎలాగూ చిప్ పెట్టాం కదా, ఒక్కో ప్రాంతానికి ఒక్కో తాళంచెవి ఇస్తే పోలా అనే ఆలోచన దానికే తగిలించారు.

పనిచేసే తీరు బాగుంటుంది. కన్సోల్‌లో ఒక చిప్, క్యాసెట్‌లో ఒక చిప్, రెండూ ఒకే రకం చిన్న 4 బిట్ షార్ప్ చిప్‌లు, ఒకటి తాళం వేషం, ఇంకోటి చెవి వేషం. ఆన్ చేయగానే రెండూ ఒకే లెక్కని ఒకే వేగంతో చేసుకుంటూ పోతాయి, వచ్చిన బిట్లని ఒకదానికొకటి వినిపించుకుంటాయి, ఇద్దరు పిల్లలు ఒకేసారి ఎక్కం అప్పజెప్పినట్టు. ఒక్క చోట తేడా వస్తే తాళం చిప్ మెషీన్‌ని రీసెట్ చేసేస్తుంది, మళ్ళీ మొదలు, మళ్ళీ తేడా, మళ్ళీ రీసెట్, సుమారు సెకనుకొకసారి. ఎన్‌ఈఎస్ ముందు ఎర్ర లైటు మిణుకు మిణుకుమనడం అదే. క్యాసెట్ పిన్నులు మురికి పట్టినా చిప్‌ల మాట కలవదు, అప్పుడూ ఇదే మిణుకు, ఇక అందరూ క్యాసెట్ తీసి ఉఫ్ ఉఫ్ అని ఊదడం. దాని పిన్నులకి ఊదడం వల్ల తడి తగలడం తప్ప ఒరిగేదేమీ లేదు, మళ్ళీ తీసి పెట్టడం వల్ల పనిచేసేది, పేరు మాత్రం ఊదుడికి వచ్చింది.

ఈ చెవుల్లో అమెరికాకి ఒక రకం, యూరప్‌కి రెండు రకాలు. బ్రిటన్, ఇటలీ, ఆస్ట్రేలియా ఒక గుంపు, జర్మనీ, ఫ్రాన్స్ లాంటివి ఇంకో గుంపు, కాబట్టి లండన్‌లో కొన్న ఎన్‌ఈఎస్ పారిస్‌లో కొన్న క్యాసెట్‌ని ఒప్పుకోదు. రెండు చోట్లా అదే 50 హెర్ట్జ్, అదే మెషీన్, టెక్నికల్‌గా చెప్పుకోడానికి కారణమే లేదు. కారణం డిస్ట్రిబ్యూటర్లు, మొదటి గుంపులో పంపిణీ బొమ్మల కంపెనీ మాటెల్ చేతిలో ఉంది, రెండో గుంపులో వేరేవాళ్ళు, ఒకరి సరుకు ఇంకొకరి ఏరియాలోకి రాకూడదు. మన దగ్గర సినిమాని నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాల లెక్కన అమ్ముతారు చూడండి, అదే వ్యవహారం, కాకపోతే నైజాం ప్రింటు గుంటూరు ప్రొజెక్టర్‌లో ఆడకుండా చిప్ పెట్టినట్టు.

ఈ చిప్‌ని బద్దలు కొట్టడానికి అటారీ గేమ్స్ వాళ్ళు, టెంజెన్ అనే లేబుల్‌తో గేములు తీసేవాళ్ళు, ఒక దొడ్డిదారి పట్టారు, ఏదో కేసు పనుందని చెప్పి అమెరికా కాపీరైట్ ఆఫీసు నుంచి 10ఎన్‌ఈఎస్ కోడ్ కాపీ తెప్పించుకుని దాంతో తమ సొంత చిప్ చేసుకున్నారు. 1992లో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు నింటెండో వైపు మొగ్గింది. అదే పని ఇళ్ళలో ఉన్న కుర్రాళ్ళు ఏ కోడూ చూడకుండా చేసేశారు, కన్సోల్ తెరిచి లాక్ చిప్ నాలుగో కాలు కత్తిరిస్తే అది తాళం వేషం మర్చిపోయి చెవి వేషంలోకి వెళ్ళిపోతుంది, ఇంక ఎవర్నీ రీసెట్ చేయదు. 1993లో నింటెండోనే చవక మోడల్ ఎన్‌ఈఎస్ తీసినప్పుడు అందులో ఆ చిప్ పెట్టడమే మానేసింది.

తాళం పోయింది సరే, ఫామికామ్ క్యాసెట్ 60 పిన్నులు, ఎన్‌ఈఎస్ 72 పిన్నులు, మధ్యలో ఒక కన్వర్టర్ బోర్డు కావాలి. (మొదట్లో నింటెండోనే ఆ కన్వర్టర్ వాడింది, గైరోమైట్ అనే గేమ్ అమెరికా క్యాసెట్లు కొన్ని విప్పితే లోపల ఫామికామ్ బోర్డూ దానికి తగిలించిన కన్వర్టరూ దొరుకుతాయి, అందుకని కన్వర్టర్ కోసమే ఆ గేమ్ కొనేవాళ్ళు ఉండేవాళ్ళు.) ఇంకో చిక్కు ఎక్కడంటే ఫామికామ్‌లో సౌండ్ ఒకసారి క్యాసెట్‌లోకి వెళ్ళి తిరిగొస్తుంది, దాంతో క్యాసెట్‌లో ఉన్న చిప్ తన సొంత సంగీతం కూడా కలిపి పంపొచ్చు. కొనామీ 1989లో జపాన్‌లో తీసిన అకుమాజో డెన్సెట్సు అలాంటిదే, అమెరికాలో దాని పేరు కాసిల్వేనియా 3, జపాన్ క్యాసెట్‌లో వీఆర్‌సీ6 అనే చిప్ అదనంగా మూడు గొంతులు ఇస్తుంది. ఎన్‌ఈఎస్‌లో ఆ దారి క్యాసెట్ పిన్నుల్లో లేదు, డబ్బా కింద ఎవరూ వాడని ఒక పోర్టులోకి తిప్పేశారు. అందుకని జపాన్ క్యాసెట్‌ని కన్వర్టర్‌తో ఎన్‌ఈఎస్‌లో ఆడితే గేమ్ అంతా బాగానే ఉంటుంది, పాటలో మాత్రం సగం వాయిద్యాలు లేచిపోతాయి. కింద పోర్టులో ఒక రెసిస్టర్ పెట్టి, పాట బయటికి వచ్చే కన్వర్టర్ వాడితే మళ్ళీ వస్తాయి. గేమ్ ఆడుతోంది కదా అని సంతోషపడి, పోయినవాటి సంగతి ఏళ్ళ తరబడి తెలియకుండా ఆడినవాళ్ళు కూడా ఉంటారు, తెలియని లోటు లోటే కాదనుకోండి.

సూపర్ నింటెండో దగ్గరికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే ఇంపోర్ట్ మోజు అసలు అక్కడే ముదిరింది. జపాన్‌లో 1990 నవంబర్, అమెరికాలో 1991, యూరప్‌లో 1992, అంటే యూరప్ వాళ్ళు ఎప్పుడూ లైన్లో చివరే. కొన్ని గేములైతే వాళ్ళకి చేరనే లేదు, 1995లో జపాన్, అమెరికా రెండు చోట్లా వచ్చిన క్రోనో ట్రిగ్గర్ యూరప్ సూపర్ నింటెండోకి రాలేదు, 1996లో వచ్చిన సూపర్ మారియో ఆర్‌పీజీ కూడా అంతే. మ్యాగజైన్లలో బొమ్మలు చూపించి షాపులో దొరకనివ్వకపోతే ఏమవుతుంది, ఇంపోర్ట్ షాపులు పుట్టుకొస్తాయి, కన్వర్టర్లు చేసేవాళ్ళు పుట్టుకొస్తారు.

ఆ కన్వర్టర్ తెలివి చూడండి. దానిలో రెండు గాడులు ఉంటాయి, ముందు దాంట్లో మీరు ఆడాలనుకున్న జపాన్ క్యాసెట్, వెనక దాంట్లో మీ ఊరి క్యాసెట్ ఏదో ఒకటి. కన్సోల్ లాక్ చిప్ అడిగే ప్రశ్నలకి జవాబులు వెనక క్యాసెట్ చెబుతుంది, గేమ్ మాత్రం ముందు క్యాసెట్ నుంచి నడుస్తుంది, టికెట్ ఒకడిది, రైలెక్కింది ఇంకొకడు. కొన్నాళ్ళు అందరూ సుఖంగా ఉన్నారు. తర్వాత క్యాసెట్లలోనే అదనపు ప్రాసెసర్లు పెట్టడం మొదలైంది, స్టార్ ఫాక్స్‌లో సూపర్ ఎఫ్ఎక్స్ చిప్, మారియో ఆర్‌పీజీలో ఎస్ఏ-1 చిప్, వీటికి క్యాసెట్ రెండు పక్కలా ఉన్న అదనపు పిన్నులు కావాలి, చవక కన్వర్టర్లలో ఆ పిన్నులకి వైర్లే ఉండవు. పోనీ కన్సోల్ తెరిచి చిప్ కాలు లేపేద్దామా అంటే ఎస్ఏ-1 గేములు తిరగబడతాయి, ఎందుకంటే వాటిలో చెవి చిప్ పని కూడా ఎస్ఏ-1 లోపలే ఇమిడి ఉంది, అవతల తాళం పలకకపోతే అదే మొరాయిస్తుంది. ఇన్నాళ్ళూ తాళం చెవిని పరీక్షించింది, ఇక్కడ చెవి తాళాన్ని పరీక్షిస్తోంది. చివరికి హాబీవాళ్ళు పాత చిప్ పై పొర కరిగించి లోపలి ప్రోగ్రాం చదివి, ఒక చిన్న పిక్ మైక్రోకంట్రోలర్‌లో దాన్ని మళ్ళీ రాసి సూపర్‌సీఐసీ అని పేరు పెట్టారు, అది ఏ ప్రాంతం క్యాసెట్ వస్తే ఆ ప్రాంతం భాష మాట్లాడుతుంది. ఇప్పుడు ఎవరైనా కన్సోల్ మోడ్ చేయించాలనుకుంటే, అంటే లోపలి సర్క్యూట్ మార్పించాలనుకుంటే, కాలు లేపడం బదులు ఇదే పెట్టించుకోవడం మేలు, పాత పద్ధతి సగం పని చేసి ఆగిపోతుంది.

గేమ్ కోడ్ లోపల కూడా ఒక కాపలా ఉంటుంది. వీడియో చిప్‌ని "నువ్వు 50 మీద నడుస్తున్నావా 60 మీదా" అని అడిగి చూసుకునే వీలుంది, కొన్ని గేములు అది అడిగి తేడా కనపడగానే ఈ గేమ్ నీ మెషీన్ కోసం చేసింది కాదు అని ఒక నల్ల స్క్రీన్ మెసేజ్ పెట్టి కూర్చుంటాయి. దీనికి విరుగుడు డబ్బా వెనక ఒక స్విచ్, గేమ్ అడిగేటప్పుడు ఒక వైపు ఉంచి, జవాబు చెప్పి గేమ్ మొదలయ్యాక ఇంకో వైపు వేసేయడం. పోలీసు కనపడగానే హెల్మెట్ పెట్టుకుని సందు తిరగగానే తీసేసినట్టు.

ఈ స్విచ్ దగ్గరే అసలు విషయం ఉంది. 50, 60 అనేవి నింటెండో కనిపెట్టినవి కావు, టీవీలవి. అమెరికా, జపాన్‌లలో ఎన్‌టీఎస్‌సీ, 525 లైన్లు, సెకనుకి సుమారు 60 సార్లు బొమ్మ గీయడం. యూరప్‌లో చాలా చోట్లా మన ఇండియాలోనూ పాల్, 625 లైన్లు, సెకనుకి 50 సార్లు. (జపాన్‌లో తమాషా ఏంటంటే ఇళ్ళ కరెంటు టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60 హెర్ట్జ్, కానీ టీవీ మాత్రం దేశమంతా 60.) ఆ కాలం గేములకి విడిగా గడియారం చూసుకునే అలవాటు లేదు, టీవీ ఒక బొమ్మ గీయడం అయిపోగానే మారియోని ఇన్ని చుక్కలు ముందుకి జరుపు, పాటలో తర్వాత స్వరం వాయించు, శత్రువు ఒక అడుగు వెయ్యి, ఇలా అన్నీ ఆ లెక్కనే నడుస్తాయి, అంటే టీవీయే గడియారం. మరి 60 కోసం రాసిన గేమ్‌ని మార్చకుండా 50 మీద నడిపితే అన్నీ ఆరులో ఐదో వంతు వేగానికి పడిపోతాయి. మూడు నిమిషాల స్టేజి మూడు నిమిషాల ముప్పైఆరు సెకన్లు అవుతుంది. పైగా లైన్లు ఎక్కువ ఉన్న టీవీలో తక్కువ లైన్ల బొమ్మ పెట్టారు కాబట్టి పైనా కిందా నల్ల పట్టీలు, మధ్యలో అందరూ కాస్త పొట్టిగా లావుగా.

శ్రద్ధ ఉన్న కంపెనీలు సరిదిద్దేవి, చాలామంది సరిదిద్దలేదు. సెగా కంపెనీ కన్సోల్ మెగా డ్రైవ్‌లో వచ్చిన సోనిక్ మొదటి భాగం యూరప్‌లో ఆటా పాటా రెండూ నీరసంగానే నడిచాయి, ప్రపంచంలోకెల్లా స్పీడుగా పరిగెత్తేవాడని అమ్మిన బొమ్మ అది! రెండో భాగంలో పాట వరకు సరిచేశారు, పరుగు అలాగే ఉంది. అందుకని యూరప్‌లో ఇంపోర్ట్ కొనుక్కోవడానికి కారణం కొత్త గేమ్ ముందే ఆడాలనే తొందర ఒక్కటే కాదు, తమ దగ్గర ఉన్న గేమే అసలు వేగంతో ఎలా ఉంటుందో చూడాలనే కోరిక కూడా. కానీ జపాన్ క్యాసెట్ తెచ్చి పాల్ కన్సోల్‌లో లాక్ దాటించినా ప్రయోజనం లేదు, వేగం క్యాసెట్‌లో లేదు కన్సోల్‌లో ఉంది, కాబట్టి ఖరీదు పెట్టి తెప్పించిన గేమ్ కూడా అదే 50 మీద మూలుగుతూ నడుస్తుంది. వీడియో చిప్‌ల కాళ్ళు లేపి స్విచ్ పెడితే తప్ప కుదరదు, అది పెట్టాక టీవీ 60 తీసుకోవాలి, అది తీసుకున్నా రంగు రావాలి. ఎన్‌టీఎస్‌సీ రంగు సిగ్నల్ 3.58 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది, పాల్ రంగు 4.43 మీద, టీవీకి అర్థం కాకపోతే బొమ్మ బ్లాక్ అండ్ వైట్. మన ఇళ్ళలో వీసీడీ ప్లేయర్ రిమోట్ మీద పాల్, ఎన్‌టీఎస్‌సీ అని ఒక బటన్ ఉండేది, చేయి తగిలి అది మారిపోతే సినిమా రంగు పోయి బొమ్మ పైకి పరిగెత్తేది, ఇంట్లో ఎవరో ఒకరు "ఏం నొక్కావురా" అని అరిచేవాళ్ళు, సరిగ్గా ఆ జబ్బే ఇది. ఫ్రాన్స్, బ్రిటన్ వాళ్ళకి టీవీల వెనక స్కార్ట్ అనే పెద్ద సాకెట్ ఉండేది, దాంట్లో ఎరుపు ఆకుపచ్చ నీలం విడివిడిగా వెళ్తాయి కాబట్టి రంగు గొడవే రాదు, అక్కడ మోడ్ సంస్కృతి అంత పెరగడానికి ఆ సాకెట్ సాయం చాలా ఉంది.

చేతిలో పట్టుకుని ఆడే నింటెండో గేమ్ బాయ్ చూస్తే అసలు అడ్డం టీవీయే అనే ఈ మాట ఇంకా తేటగా కనపడుతుంది. 1989లో వచ్చింది, సొంత స్క్రీన్, బ్యాటరీలు, టీవీతో పనే లేదు, లాకూ లేదు, ఏ దేశం క్యాసెట్ ఏ దేశం మెషీన్‌లో పెట్టినా ఆడుతుంది. టీవీ పద్ధతి కోసమే లాక్ పెట్టాం అనే వాదన నిజమేమో అనుకునేలోపు 2011లో సొంత స్క్రీన్లున్న నింటెండో 3డీఎస్‌కి లాక్ పెట్టారు, అప్పుడు ఇంక చెప్పుకోడానికి టీవీ కూడా లేదు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ అనే కన్సోల్‌కి తీసేశారు.

మెగా డ్రైవ్‌లో సెగా చేసింది అమాయకంగా ఉంటుంది, మొదట్లో క్యాసెట్ ఆకారమే తేడా, జపాన్ క్యాసెట్ అంచులు వేరు. జపాన్ కన్సోల్‌లో ఆన్ చేయగానే పవర్ స్విచ్‌తో పాటు ఒక ప్లాస్టిక్ నాలుక కదిలి క్యాసెట్ పక్కనున్న కన్నంలో దూరుతుంది, కన్నం లేని అమెరికా క్యాసెట్ పెడితే స్విచ్ జరగదు. చిప్ లాక్ లేదు, కానీ గేమ్ అడిగితే కన్సోల్ తను ఏ ప్రాంతానిదో చెబుతుంది, దీన్ని కొన్ని గేములు అడ్డుకోడానికి కాకుండా మంచికి వాడుకున్నాయి, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ మొదటి భాగం జపాన్ మెషీన్‌లో పెడితే టైటిల్ బేర్ నకిల్ అని మారిపోతుంది, ఒకే క్యాసెట్ రెండు పేర్లు. తర్వాతి గేములు మాత్రం ఆ జవాబు విని తలుపేసేశాయి. బోర్డు మీద రెండు జంపర్లు, రెండు స్విచ్‌లు, సెగా సంగతి అక్కడితో అయిపోతుంది.

డిస్కులు వచ్చాక కథ మారింది. ప్లేస్టేషన్ 1994 డిసెంబర్‌లో వచ్చింది, సీడీ అంటే ఎవడైనా కాపీ కొట్టొచ్చు కాబట్టి సోనీ డిస్క్ లోపలి అంచు దగ్గర గాడిని కావాలని కొద్దిగా వణికించింది, ఆ వణుకులో నాలుగు అక్షరాలు దాచింది, జపాన్‌కి ఎస్‌సీఈఐ, అమెరికాకి ఎస్‌సీఈఏ, యూరప్‌కి ఎస్‌సీఈఈ. మామూలు సీడీ రైటర్ డేటా రాస్తుంది గానీ ఆ వణుకు రాయలేదు. ఒకే దెబ్బకి రెండు పనులు, కాపీ డిస్క్‌లో అక్షరాలు ఉండవు, పక్క దేశం డిస్క్‌లో అక్షరాలు వేరుగా ఉంటాయి. మోడ్‌చిప్ చేసేదల్లా డిస్క్ ఏం చెప్పినా పట్టించుకోకుండా తనే ఆ అక్షరాలు వల్లిస్తూ ఉండడం. తర్వాత వచ్చిన గేములు దీన్నే పట్టుకున్నాయి, అక్షరాలు రాకూడని చోట కూడా వస్తున్నాయంటే లోపల ఎవడో ఉన్నాడన్నమాట అని ఆగిపోయేవి, దాంతో బూట్ అవగానే నోరు మూసుకునే చిప్‌లు వచ్చాయి.

కాపీ తాళాన్నీ దేశం తాళాన్నీ ఒకే ముడి వేయడం వల్ల ఒక అన్యాయం జరిగింది, పూర్తి ధర కట్టి జపాన్ నుంచి ఒరిజినల్ డిస్క్ తెప్పించుకున్నవాడూ, పది రూపాయల కాపీ కొన్నవాడూ ఒకే చిప్ వేయించుకోవాలి, చట్టం కళ్ళకి ఇద్దరూ ఒకేలా కనపడతారు. మన ఊళ్ళలో ప్లేస్టేషన్ కొనేటప్పుడు "చిప్ వేసిందేనా" అని అడిగింది ఇంపోర్ట్ కోసం అంటే నవ్వుతారు, అది పక్కా కాపీ డిస్కుల కోసమే. కానీ ఆస్ట్రేలియాలో ఈ ముడి కోర్టుకెక్కింది, మోడ్‌చిప్‌లు అమ్మిన ఒకాయన మీద సోనీ కేసు వేస్తే 2005లో అక్కడి హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది, తర్వాతి ఏడాది చట్టం మార్చి కాపీ రక్షణ గట్టి చేసినప్పుడు కూడా గేముల మార్కెట్లని దేశాలవారీగా విడగొట్టే ఏర్పాటుకి మాత్రం ఆ రక్షణ వర్తించదన్నారు. రెండు తాళాలూ వేరు అని ఒప్పుకున్న చట్టం అది.

సెగా సాటర్న్ గురించి ఒక్క ముక్క. దాని వెనక క్యాసెట్ గాడిలో యాక్షన్ రీప్లే అనే కార్ట్ పెడితే రీజియన్ దాటిస్తుంది, తర్వాత వచ్చిన రకాల్లో 4 మెగాబైట్ల అదనపు మెమరీ కూడా ఉంటుంది. 1997లో జపాన్‌కే పరిమితమైన ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్‌కి ఆ మెమరీ తప్పనిసరి, కాబట్టి తాళం తీసేదీ లోటు తీర్చేదీ ఒకే వస్తువు. సోల్డరింగ్ అవసరం లేదు, ఇంపోర్ట్ మొదలుపెట్టేవాళ్ళకి ఇంతకంటే తేలికైన మెషీన్ లేదు, మంచి గేములు చాలావరకు జపాన్‌లోనే ఉండిపోయిన మెషీన్ కూడా అదే.

కరెంటు సంగతి చాలామంది చివర్లో గుర్తు చేసుకుంటారు, అప్పటికి పొగ వచ్చేసి ఉంటుంది. జపాన్ 100 వోల్టులు, అమెరికా 120, మన దగ్గర 230. జపాన్ అడాప్టర్‌ని హైదరాబాద్‌లో గోడకి పెడితే లాక్ చిప్ దాకా వెళ్ళాల్సిన పనే ఉండదు. వోల్టులు తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనడం కంటే సరైన ఇండియన్ అడాప్టర్ కొనడం నయం, కానీ ప్లగ్ దూరింది కదా అని పెట్టకూడదు. ఫామికామ్, సూపర్ ఫామికామ్‌లకి 10 వోల్టుల డీసీ, పైగా మధ్యలో నెగెటివ్, మనకి బజార్లో దొరికేవి ఎక్కువ మధ్యలో పాజిటివ్. ఎన్‌ఈఎస్‌కి 9 వోల్టుల ఏసీ, లోపల ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ ఉంది కాబట్టి దానికి నడుస్తుంది, అదే ఏసీ అడాప్టర్ ఫామికామ్‌కి పెడితే దానికి రెక్టిఫయర్ లేదు, లోపల పార్టులు పోతాయి. నలభై ఏళ్ళ నుంచి మెషీన్లని చంపింది లాక్‌లు కాదు, ఇలాంటి అడాప్టర్లే.

భాష అనే తాళం గేమ్‌ని బట్టి ఉంటుంది. జపాన్ షూటింగ్ గేములు చాలావాటిలో మెనూలు ఎలాగూ ఇంగ్లీషులోనే ఉంటాయి, స్టార్ట్, ఆప్షన్, గేమ్ ఓవర్, కథ తెలియకపోయినా బుల్లెట్ తగిలితే చస్తామని తెలుసు. ఆర్‌పీజీ, అంటే మాటలు చదువుకుంటూ కథలో పాత్రగా తిరిగే గేమ్ అయితే, మొదటి ఊళ్ళోనే ఇరుక్కుపోతాం, తక్కువ చుక్కల్లో ఇరికించిన కాంజీ అక్షరాలు ఫోన్ ట్రాన్స్‌లేటర్‌కి కూడా సరిగా అందవు. ప్లేస్టేషన్‌లో ఇంకో చిక్కు, జపాన్‌లో గుండ్రం అంటే సరే, ఇంటూ అంటే వద్దు, బళ్ళో టీచరు పెట్టే గుర్తుల లెక్క, అమెరికాకి వచ్చేసరికి చాలా గేముల్లో ఇంటూ నొక్కితే సరే అయింది. ఆ అలవాటుతో జపాన్ గేమ్ ఆడితే సేవ్ చేయబోయి ప్రతిసారీ క్యాన్సిల్ చేస్తాం. 2020లో ప్లేస్టేషన్ 5తో సోనీ జపాన్‌లో కూడా ఇంటూకే మార్చేసింది, అక్కడివాళ్ళు ఎంత చిరాకు పడి ఉంటారో ఊహించుకోవచ్చు. భాష తాళాన్ని తీసింది కూడా అభిమానులే, 1995లో జపాన్‌లో వచ్చిన సెయికెన్ డెన్సెట్సు 3కి అధికారిక ఇంగ్లీషు 2019 దాకా రాలేదు, దానికి ఎన్నో ఏళ్ళ ముందే జనం అభిమానుల అనువాదంలో ఆడేశారు. అలాంటి అనువాదం ఒరిజినల్ క్యాసెట్‌లో నడవదు, గేమ్ ఫైళ్ళు మనమే నింపుకునే ఫ్లాష్ కార్ట్ కావాలి, అదుంటే ఇంపోర్ట్ క్యాసెట్ కొనాల్సిన పనే లేదు, కాబట్టి ఇప్పుడు క్యాసెట్ కొనేవాళ్ళు ఎక్కువగా అట్ట పెట్టె కోసం, దాని మీది బొమ్మ కోసం కొంటున్నారని ఒప్పుకోవడమే నిజాయితీ.

మన దగ్గర 90లలో టీవీ గేమ్ అని అమ్మినవి దాదాపు అన్నీ ఫామికామ్ నకళ్ళే, 60 పిన్నుల క్యాసెట్, లాక్ చిప్ లేదు, లక్షల్లో గేములున్నట్టు లేబుల్, లోపల అవే పదో పాతికో తిప్పి తిప్పి. రీజియన్ లాక్ అనే మాటే మనకి తెలియకుండా జపాన్ గేములు ఆడేశాం. అసలు ఇందులో ఒక ఇంజినీరింగ్ చిక్కు ఉంది, క్యాసెట్లన్నీ 60 హెర్ట్జ్ ఫామికామ్‌వి, టీవీలేమో 50 హెర్ట్జ్ పాల్. నింటెండో వాళ్ళ సొంత పాల్ ఎన్‌ఈఎస్‌లో ప్రాసెసర్ వేగం 1.79 నుంచి 1.66 మెగాహెర్ట్జ్‌కి తగ్గించారు, టైమింగ్ లెక్కలు మారి కొన్ని జపాన్ గేములు తడబడేవి, మార్చని పాటల శ్రుతి కూడా దిగిపోయేది. తైవాన్ యూఎంసీ కంపెనీ పాల్ నకళ్ళ కోసం చేసిన చిప్‌లు ఇంకో దారి పట్టాయి, ప్రాసెసర్‌ని 1.77 దగ్గరే ఉంచి, అదనపు లైన్లన్నీ బొమ్మ గీయడం అయిపోయాక ఖాళీగా తిరిగేలా పెట్టారు, గేమ్‌కి మాత్రం తను ఫామికామ్‌లోనే ఉన్నాననిపిస్తుంది. జపాన్ క్యాసెట్‌ని పాల్ టీవీ మీద ఆడించడంలో నకలు మెషీన్ అసలు కంపెనీ మెషీన్ కంటే తెలివిగా ఉందన్నమాట. శ్రుతి దాదాపు సరిపోయింది, గేములు ఆగిపోలేదు. వేగం మాత్రం వాళ్ళ చేతుల్లో కూడా లేదు, ఆ చిప్‌లున్న డబ్బాల్లో ఎండాకాలం సెలవులన్నీ ఆడిన మారియో ఆరులో ఐదో వంతు వేగంతోనే పరిగెత్తాడు, ఇప్పుడు ఎమ్యులేటర్‌లో (పాత కన్సోల్‌ని కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) అదే మొదటి స్టేజి ఆడి "వీడేంటి ఇంత స్పీడుగా ఉన్నాడు, చేతులు మొద్దుబారాయా" అనుకునేవాళ్ళు ఒకసారి సెట్టింగ్స్‌లో రీజియన్‌ని డెండీ (రష్యాలో అమ్మిన ఇలాంటి ఫామికామ్ నకలు పేరు) అని మార్చి చూస్తే సరి, చాలా ఎన్‌ఈఎస్ ఎమ్యులేటర్లలో ఆ పేరుతోనే ఉంటుంది.